ఓట్లకు వచ్చినవాళ్ళు

మా ఇంటి గోడ మీద ఎర్రగీత పడ్డ రోజున నేను ఇంట్లో లేను. చీరలకు కుట్టే లేసులు తేవడానికి మార్కెట్‌కు పోయాను. తిరిగి వచ్చేసరికి గల్లీ పొడుగునా రెండు వైపులా గోడల మీద రంగు ఇంకా తడిగానే ఉంది. మున్సిపాలిటీ మనుషులు టేపు పట్టి కొలిచి గీసిపోయారని ఎదురింటి వదినె చెప్పింది. గల్లీ వెడల్పు చేస్తారట. మా గీత అరుగు అంచున లేదు, అరుగు దాటి గడప పక్కన ఉంది. గీతకు బయట ఉన్నదంతా దారిలో కలుస్తుంది. అంటే అరుగు మొత్తం పోతుంది. మెట్లు ఇంట్లోపల కట్టుకోవాలి.

పై కిటికీలోంచి బా తల బయట పెట్టింది.

"ఏందీ? ఏం గీసిన్రు?"

బా అంటే మా ఇంటి ఓనరమ్మ. గుజరాతీలో బా అంటే అమ్మ. పైన ఆమె, కింద మేము. మా పక్కన కూర్చుని కూర్చుని ఆమెకు మా తెలంగాణ మాటలు కొన్ని అంటుకున్నాయి. "ఏందీ" అన్న మాటను గుజరాతీ రాగంతో చివర సాగదీసి అంటే ఎంత కోపంలో ఉన్నా నాకు నవ్వొచ్చేది.

"అరుగు తీసేస్తరట బా," అన్నాను.

ఆ రోజు నాకు నవ్వు రాలేదు. బా కిటికీ రెక్క మూసింది. మధ్యాహ్నం కిందికి దిగే వేళ అయినా దిగలేదు.

పెళ్ళయి సూరత్‌కు వచ్చినప్పుడు నాకు హిందీ ముక్క రాదు, గుజరాతీ అంటే ఒక భాష అని కూడా తెలియదు. మావాళ్ళందరూ ఊరి బయట సాంచెలు, అంటే మరమగ్గాలున్న దిక్కు ఇళ్ళు తీసుకుంటే, మా ఆయన పనిచేసే సేఠ్ పాత ఊళ్ళో ఉన్నాడని మేము ఈ గల్లీలో దిగాము. టేకు కర్ర ఇల్లు. ముందు రెండు స్తంభాలు, వాటి నెత్తిన చిలకలు, పైన కర్ర వసారా. ఇల్లంతా చీకటి. నేను తలుపు సందులోంచి గల్లీని చూస్తూ గడిపేదాన్ని.

ఒక పూట బా అరుగు మీద కూర్చుని పాపడి చిక్కుడుకాయలు ఒలుస్తూ నా వైపు తిరిగి, "ఆవ్, బేస్," అంది. నాకు "ఆవు భేష్" అని వినిపించింది. గల్లీలో నిజంగానే ఒక తెల్లావు నిలబడి ఎవరో వేసిన రొట్టె తింటోంది. ముసలామె ఆవును మెచ్చుకుంటోందని నేనూ తల ఊపాను. ఆమె మళ్ళీ అంది. నేను మళ్ళీ ఆవును చూసి తల ఊపాను. చివరికి ఆమె లేచి వచ్చి, నా చెయ్యి పట్టి గుంజి అరుగు మీద కూర్చోబెట్టి, ఒళ్ళో ఇన్ని కాయలు పోసింది. ఆవ్ అంటే రా అనీ, బేస్ అంటే కూర్చో అనీ ఆ సాయంత్రం మా ఆయన చెప్తే తెలిసింది. నేను నేర్చిన మొదటి గుజరాతీ అదే.

అప్పటినుంచి నా కాపురం సగం అరుగు మీదే జరిగింది. మొదట్లో అక్కడే కూర్చుని కండెలు చుట్టేదాన్ని. ఆ పని పోయాక చీరలకు రాళ్ళు అంటించడం, లేసు కుట్టడం, దారాలు కత్తిరించడం. ఇంట్లో దీపం వేసినా సూది కన్ను కనపడదు. అరుగు మీద మాత్రం మధ్యాహ్నం ఎండ గోడ దిగి వచ్చి చీర మీద పరుచుకుంటుంది. నా కొడుకు ఆ స్తంభం పట్టుకునే నిలబడడం నేర్చుకున్నాడు. ఇప్పుడు హజీరాలో పని, తెల్లారకముందే కంపెనీ బస్సు ఎక్కుతాడు. అయినా మెట్ల మీద కూర్చుని బూట్లు వేసుకునేటప్పుడు వీపు ఆ స్తంభానికే ఆనిస్తాడు.

బతుకమ్మ కూడా అరుగు మీదే పేర్చేదాన్ని. ఇక్కడ గునుగు దొరకదు, తంగేడు దొరకదు. బంతిపూలు, చామంతులు, గడ్డిపూలకు రంగులద్ది ఏదో ఒక రూపం తెచ్చేదాన్ని. మొదటిసారి చూసినప్పుడు బా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, "ఈ మాతాజీ పేరేంటి?" అని అడిగింది. బతుకమ్మ అన్నాను. మొహం ఏదీ అంది. పూలే మొహం అన్నాను. ఆమె లోపలికి పోయి, నవరాత్రికి దీపం పెట్టే చిల్లుల కుండ తెచ్చి మా పూల పక్కన పెట్టింది. వాళ్ళు గర్బా తిరిగారు, మేము బతుకమ్మ తిరిగాము, చప్పట్లు ఎక్కడో ఒకచోట కలిసిపోయాయి.

తాపీ నదికి వరద వచ్చినప్పుడు నీళ్ళు మెట్లెక్కి, అరుగెక్కి, మా మంచం ఎక్కాయి. మేము బా ఇంట్లోకి ఎక్కాము. ఆమె కిచిడీ వండితే నేను చింతపండు చారు కాచేదాన్ని. ఇంత పులుపు తిని మీరు ఎలా బతుకుతున్నారని అడుగుతూనే రెండోసారి పోయించుకునేది. నీళ్ళు తీశాక అరుగు రాళ్ళు కొన్ని లేచిపోయాయి. ఇద్దరమూ కొబ్బరి చిప్పలతో బురద గీకి, ఎక్కడెక్కడివో మిగిలిన టైల్సు ముక్కలు అతికించుకున్నాము. ఒకటి నీలం, ఒకటి పచ్చ, ఒకటి గచ్చు రంగు. అందమేమీ లేదు. కానీ వేసవిలో అరికాలు పెడితే ప్రాణం లేచివచ్చేది.

అరుగు పోవడమంటే నాకు ఇదంతా పోవడం. బాకు అంతకంటే ఎక్కువ. ఆమెకు మోకాళ్ళు అరిగాయి. లోపలి మెట్లు రోజుకొకసారి దిగగలదు, గల్లీలో నడవలేదు. ఆమె చూసే లోకమంతా అరుగు మీదనుంచే. ఊరి కొత్త దిక్కు ఆల్థాన్‌లో, ఫ్లాట్‌లో ఉన్న ఆమె కూతురు ఎన్నాళ్ళనుంచో రమ్మంటోంది. ఒకసారి పోయి వచ్చింది బా. లిఫ్టు బాగుందట, బాత్రూము బాగుందట. "కిటికీలోంచి మనుషులు కనిపిస్తారు గానీ, పిలిస్తే ఎవరికీ వినిపించదు," అంది. గీత పడ్డ మర్నాడు కిందికి దిగి, తన మూల కూర్చుని, నాతో తేల్చి చెప్పింది: అరుగు తీసేస్తే తాను ఆల్థాన్ వెళ్ళిపోతుంది, ఇల్లు అమ్మెయ్యమని కూతురితో చెప్తుంది.

ఆ మాట మా ఆయనకు చెప్పాను.

"అమ్ముతే అమ్మనియ్. మనం గూడ ఏదన్న ఫ్లాట్ సూస్కుందాం. పోరని బస్సు ఆడ గూడ ఆగుతది," అన్నాడు.

"నీకేంది, నువ్వు సాంచె కాడ కూసుంటవ్. నేనేడ కూసోవాలె?"

"సోఫా కొనిస్త."

"సోఫా మీదికి ఎండ ఎవలు తెస్తరు?"

మనిషి తువ్వాల దులుపుకుని బయటికి పోయాడు.

తర్వాత కొన్నాళ్ళకు, ఎన్నికలు దగ్గరపడి గల్లీ నిండా డప్పులూ జెండాలూ తిరుగుతున్న రోజుల్లో, ఒక ఆదివారం నలుగురైదుగురు మనుషులు వచ్చారు. ముందు ఒక పెద్దాయన, తెల్లజుట్టు, చేతిలో మడత గొడుగు. పక్కన జీన్సు వేసుకున్న పిల్ల, మెడలో కెమెరా. వాళ్ళు మొదట ఎదురింటి వదినె దగ్గర ఆగారు. వదినెవాళ్ళదీ మా దిక్కే. లింబాయత్‌లో మనవాళ్ళ మధ్య ఉండి ఈ గల్లీకి వచ్చారు గనుక ఆమెకు గుజరాతీ అబ్బలేదు, హిందీతోనే నెట్టుకొస్తుంది. తన సిమెంటు అరుగు మీద కూర్చుని దారాలు కత్తిరిస్తోంది.

"బెన్, ఓట్లా కే లియే ఆయే హై," అంది ఆ పిల్ల.

వదినె కత్తెర ఆపి నావైపు కేకేసింది. "ఓ వదినె! ఓట్లకు వచ్చిన్రు. ఈసారి సదువుకున్నోళ్ళను తోలిన్రు!"

నిజం చెప్పాలంటే నేనూ లేచి, ఓటరు కార్డు ఎక్కడ పెట్టానా అని ఆలోచిస్తున్నాను.

వదినె ఆ పిల్లతో తన హిందీలో, మా ఓట్లు ఇక్కడ లేవు, ఊళ్ళో ఉన్నాయి అని చెప్పింది. ఆ పిల్ల వదినె కూర్చున్న చోటును, వదినెను మార్చి మార్చి చూసింది. "ఇక్కడ లేకపోతే మరి మీరు దేని మీద కూర్చున్నారు?" అంది.

"ఇనవడ్డదా? ఓటు మీద కూసుంటరా అని అడుగుతుంది!" వదినె నాకు చెప్పింది.

పెద్దాయన మర్యాదగా ముందుకు వంగి, "మీ ఓట్లా ఎంత పాతది బెన్?" అని అడిగాడు.

"అఠారా సాల్ సే," అంది వదినె. పద్దెనిమిది నిండినప్పటినుంచీ ఉంది అని ఆమె లెక్క. ఆయన సిమెంటును చూసి, అంతే ఉంటుంది అన్నట్టు తల ఊపాడు.

"దీన్ని పగలగొడతారని మీకు తెలుసా?"

"ఓట్లు శీల్చేటోళ్ళు ప్రతిసారి ఉంటరు సార్. గది కొత్తేం గాదు."

ఆయనకు అర్థం కాలేదు గానీ, మా అరుగు మీద కూర్చున్న బాకు అర్థమైపోయింది. అరచేత్తో రాయి మీద చరుస్తూ, "ఓట్లో! ఓట్లో!" అంటూ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. అప్పుడు నాకు తట్టింది. గుజరాతీలో అరుగును ఓట్లో అంటారు. ఒకటికంటే ఎక్కువైనా, హిందీలో కలిపి మాట్లాడినా ఓట్లా. నాకు తెలియని మాట కాదు, కానీ ఆ డప్పుల మధ్య చెవికి అందలేదు. సంగతి చెప్తే ఆ పిల్ల కెమెరా పట్టుకుని గోడకు ఆనుకుని నవ్వింది. వదినె మాత్రం, "అరుగంటే అరుగనాలె. గా మాటకు ఈ పేరెందుకు పెట్టిన్రు?" అని అందరినీ కసిరింది.

వాళ్ళు ఊళ్ళో పాత కట్టడాలను చూసుకునే సంఘం మనుషులు. పాత ఊళ్ళో ఎవరైనా ఏదైనా కూల్చాలన్నా, కట్టాలన్నా, దారి మార్చాలన్నా, వచ్చి చూసి తమ అభిప్రాయం మున్సిపాలిటీకి చెప్తారట. "మేము చెప్పింది జరగాలని లేదమ్మా. చెప్పడం మాత్రం మానము," అన్నాడు పెద్దాయన.

నేను చీర మడిచిపెట్టి వాళ్ళ వెనక నడిచాను. చివరి మూలింటివాళ్ళు అద్దాల మేడ లేపుతామంటున్నారు. లేపుకోండి గానీ పక్కింటి కప్పును మించకండి, ముందు వసారా అలాగే ఉంచండి అని వీళ్ళు చెప్తారట. ఇంకొకరు చెక్కిన కర్ర మీద ఆకుపచ్చ ఆయిల్ పెయింట్ పూశారు. ఆ పిల్ల దాన్ని వేలితో తడిమి, లోపల పువ్వు ఎక్కడుందో వెతికింది, మా అమ్మ నా తలలో పేను వెతికినట్టు. ఇన్నేళ్ళు నేను రోజూ దాటే ఇళ్ళే అవి. వాళ్ళ వెనక నడుస్తుంటే కొత్తగా చూసినట్టు అనిపించింది.

మా ఇంటి ముందు పెద్దాయన చాలాసేపు నిలబడ్డాడు. చిలకలను చూశాడు, వసారాను చూశాడు. తర్వాత చూపు కిందికి దించి, చెప్పు కొసతో నీలం టైలును తట్టాడు.

"స్తంభాల కోసం గట్టిగా మాట్లాడతాము. ఇది మాత్రం పాత ఓట్లో కాదు కదా, బా? ఏం చెప్పమంటారు?"

అతికించింది మేమేనని చెప్పాను, వరద సంగతి చెప్పాను. ఆయన విన్నాడు. "కింద రాయి పాతదే అయి ఉండాలి," అన్నాడు గానీ ఆ గొంతులో బలం లేదు.

అప్పుడే వదినె కత్తెర చేత పట్టుకుని గల్లీ దాటి వచ్చింది. నాతో తెలుగులో మొదలుపెట్టి, ఆయనకు హిందీలో చెప్పింది.

"మీరు ఫోటోలు తీసుకొని పోతరు సార్. ఉండేటోళ్ళం మేము. మా ఆయనకు గుండెల నొప్పి వచ్చిన్నాడు అంబులెన్సు గల్లీ మొగదల్నే ఆగిపోయింది. ప్లాస్టిక్ కుర్చీల కూసోబెట్టి నలుగురు మోసుకపోయిన్రు. బతికిండు గని, మోసేటప్పుడు ఆయన మొఖం నేను సూసిన. నా అరుగు తీసెయ్యిండ్రి. ఇయ్యాల్నే తియ్యిండ్రి."

"తీసేస్తే నువ్వేడ కూసుంటవ్ వదినె?" అన్నాను.

"నేను లోపల కూసుంట. నీ లెక్క గల్లీ ముచ్చట్లు వినకుంటె అన్నం అరగదా నాకు?"

నాకు కోపం వచ్చింది. నోటిదాకా మాట వచ్చింది. కానీ బా నాకంటే ముందు అందుకుంది. ఆమె వదినెను చూస్తూ, తన కర్ర మీద రెండు చేతులూ పెట్టి, మెల్లగా గుజరాతీలో అంది: "ఈమె చెప్పింది నిజం. రేపు ఆ బండి నాకు కావాలి. నన్ను ఏ కుర్చీలో మోస్తారు?"

అరుగు పోతే వెళ్ళిపోతానన్న మనిషే ఆ మాట అంది.

పెద్దాయన గొడుగు స్తంభానికి ఆనించి మెట్టు మీద కూర్చున్నాడు. ఆ పిల్ల గల్లీకి అడ్డంగా టేపు పరిచింది. ఎదురు వరసలో ఇళ్ళన్నీ ముందువైపు సిమెంటుతో మళ్ళీ కట్టుకున్నవే, కర్రపని ఏదీ మిగల్లేదు. వాళ్ళిద్దరూ కాసేపు గుజరాతీలో మాట్లాడుకున్నారు. వెడల్పు ఆ ఒక్క వైపే తీస్తే బండి వస్తుందా రాదా అని. వస్తుందని తేలింది. "మేము ఇదే చెప్తాము. దారి కావాలి, ఆ పక్కన తీయండి, ఈ పక్క ముట్టకండి. కానీ నా మాట నమ్ముకుని మీరు నిశ్చింతగా ఉండకండి బా," అని ఆయన లేచాడు.

ఆ తర్వాత వానాకాలమంతా ఎదురుచూడడమే. గీత వానకు పోతుందేమోనని చూశాము, పోలేదు. బా రోజూ ముందుకంటే తొందరగా దిగి, చీకటి పడ్డాకగానీ ఎక్కేది కాదు. వాన పడితే లోపలికి జరిగి కూర్చునేది తప్ప లేచేది కాదు. అప్పుడు చెప్పింది, తన పెళ్ళప్పటి సంగతి. కోడళ్ళు ఓట్లో మీద కూర్చోకూడదట. అత్తగారు అక్కడ కూర్చుంటే, ఈమె ముసుగు లాక్కుని తలుపు వెనక నిలబడి నీళ్ళచెంబు అందించేదట. పిల్లలు పుట్టారు, పెద్దయ్యారు, అయినా నిలబడే ఉంది. అత్తగారు పోయి నెలలు గడిచాక ఒకరోజు ఎవరూ లేకుండా చూసి మొదటిసారి కూర్చుందట.

"భయమేసింది," అంది. "వెంటనే లేచిపోయాను."

"మరి నన్ను వచ్చిన కొత్తలోనే కూసోబెట్టినవ్ కద బా?"

"నువ్వు తలుపు వెనక నిలబడ్డావు కదా," అంది. అంతే. పాపడి గింజలు చాటలో వేసుకుని చెరగడం మొదలుపెట్టింది.

నవరాత్రికి ముందు మున్సిపాలిటీవాళ్ళు మళ్ళీ వచ్చారు. మా గోడ మీద ఎర్రగీతను నల్లరంగుతో కొట్టేశారు. ఎదురు వరసకు కొత్త గీతలు గీశారు. బా పై కిటికీలోంచి చూసి, చాట పట్టుకుని కిందికి దిగింది. తర్వాత మిషను పెట్టి ఒక్క పూటలో ఎదురు అరుగులన్నీ తీసేశారు. వదినె పనివాళ్ళకు చాయ్ పోసింది. తన అరుగు పగులుతుంటే నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. దుమ్ము గల్లీ నిండా లేచి మా చిలకల మీద పడింది.

రెండు మూడు రోజులు వదినె గడప లోపల కూర్చుని దారాలు కత్తిరించింది. చీరను దీపం దగ్గరికి ఎత్తి చూడడం, దించడం, మళ్ళీ ఎత్తడం ఇక్కడికి కనిపిస్తూనే ఉంది. నేను పిలవలేదు. ఆమె కూడా చూడలేదు. తర్వాత ఒక మధ్యాహ్నం, చీరల మూట నెత్తిన పెట్టుకుని, ఎవరినీ అడగకుండా వచ్చి మా అరుగు మీద దింపింది.

"జర జరుగు వదినె."

"లోపల కూసుంట అంటివి?"

"అంటి. ఇప్పుడు ఈడ కూసుంట అంటున్న. మీ అరుగేం మెత్తగున్నదా, ముళ్ళ లెక్క గుచ్చుతుంది టైల్సు. ఎవలు అతికిచ్చిన్రో ఏమో."

వెడల్పయిన దారిని వారం తిరక్కుండానే స్కూటర్లు నింపేశాయి. వదినె మా అరుగు అంచున కూర్చుని, కత్తెర ఆడిస్తూ, వచ్చిన ప్రతి స్కూటరును తిట్టి పంపేది. "తియ్యి తియ్యి! గిది అంబులెన్సు జాగ! నీ అత్తగారిల్లనుకున్నవా?" తెలుగు తెలియనివాడు కూడా బండి తీసేవాడు.

దసరా అయ్యాక ఒక ఆదివారం బా కూతురు ఆల్థాన్‌నుంచి వచ్చింది. కారు ఎప్పుడూ గల్లీ బయటే ఆపేది. ఈసారి వదినె లేచి స్కూటర్లను పక్కకు నెట్టించి, వెనక్కు నడుస్తూ చేతులూపి, కారును మా మెట్లదాకా తెప్పించింది. బా మెట్లు దిగింది. నేను ఒక చెయ్యి, కూతురు ఒక చెయ్యి. తాపీ ఒడ్డు మా గల్లీకి ఎంతో దూరం కాదు. అయినా వరద తర్వాత బా నదిని చూడలేదట. చూసి వస్తానని కారెక్కింది.

"ఉంచుకోవద్దు, తీసుకరావాలె," అని వదినె బా కూతురికి వేలు చూపించి చెప్పింది. ఆ అమ్మాయి తెలుగు రాకపోయినా తలూపింది.

కారు పోయాక వదినె దారివైపు చూసి, "సూసినవా, నా అరుగు మీదికెంచే పోయింది," అంది. ఇద్దరమూ కుట్టుకుంటూ కూర్చున్నాము. ఆ చోటులో ఒక స్కూటరు కూడా ఆగకుండా ఆమె చూసుకుంది.

దీపాలు పెట్టే వేళకు కారు వచ్చింది. బా మెల్లగా మెట్లెక్కి, తన మూల వదినె కాళ్ళు చాపుకుని ఉండడం చూసి, కర్రతో ఆమె మోకాలి మీద తట్టింది. వదినె జరిగింది.